నేల మారితే ఎలుక మారుతుందా?



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. కావలి ప్రాంతం నుంచి ఒక తండ్రి రాశారు. ఆయన కుమార్తె డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నది. ఎలుకలు, చుంచెలుకలు, ఉడుతలు వంటి చిన్న క్షీరదాలు తాము నివసించే నేలను బట్టి, పరిసరాలను బట్టి తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయన్న అంశంపై ప్రాజెక్టు చేయమని అధ్యాపకురాలు సూచించారట. "జీవపరిణామం అనే మాట ఉన్న చదువు మన ఇంటి ఆడపిల్లకు తగునా? మాన్పించి బీకాంలో చేర్చమంటారా?" అన్నది ఆ తండ్రి ప్రశ్న. అదే కాగితం వెనుక వైపు అమ్మాయి చేతిరాతలో రెండు వాక్యాలున్నాయి: "మౌలానా సాహెబ్, మీరు వద్దంటే మానేస్తాను. కాని ఎందుకు వద్దో చెప్పండి."

తండ్రి ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కుమార్తె ప్రశ్నకు అలా చెప్పలేము. ఏ విషయంపైనైనా తీర్పు చెప్పేముందు ఆ విషయ స్వరూపాన్ని సరిగా గ్రహించాలన్నది మన ధర్మవేత్తలు మొదటి పాఠంలోనే నేర్పే నియమం. గ్రహించకుండా "హరామ్" అనడమూ, గ్రహించకుండా "పరవాలేదు" అనడమూ రెండూ తప్పే. కనుక ముందుగా ఆ శాస్త్రం ఏమి చెబుతున్నదో చూద్దాం. అందుకు దూరదేశాలకు పోనవసరం లేదు. మన నెల్లూరు జిల్లా చాలు.

సముద్రం నుంచి కొండ దాకా

మా బిట్రగుంట పేరు చెప్పగానే ఎవరికైనా రైళ్ళు, ఆవిరి ఇంజన్ల కాలంనాటి లోకోషెడ్డు గుర్తుకు వస్తాయి. పట్టాలకు అటూ ఇటూ ఉన్న నేలను గమనించేవారు తక్కువ. తూర్పుకు వెళితే జువ్వలదిన్నె తీరం. అక్కడ ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, బకింగ్‌హాం కాలువ, ఉప్పు పేరిన నేలలు. పడమరకు వెళితే చెరువుల కింద వరి మాగాణి, దాని తరువాత ఎర్రని గరుసు నేలలు, ముళ్ళ పొదలతో నిండిన మెట్ట, చివరకు ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్టు వెలికొండలు. ఆ కొండల ఆవల కడప సీమ. తీరం నుంచి కొండ పాదం దాకా ఒక్క పూటలో చేరుకోవచ్చు. ఆ కొద్ది దూరంలోనే నేల నాలుగైదు సార్లు మారుతుంది. నేల మారిన చోటల్లా ఆ నేలలో బొరియ చేసుకునే జీవి కూడా మారుతుంది.

వరి మాగాణిలో కొక్కుది రాజ్యం. తడి గట్లను తవ్వడంలో అది నేర్పరి, నీటిలో ఈదగలదు, కోసిన కంకులను బొరియలోని గదులలో కూడబెడుతుంది. దాని పెద్ద బంధువు పందికొక్కు. ఆంగ్లంలోని "బాండికూట్" అనే మాట మన తెలుగు "పందికొక్కు" నుంచే పోయింది. శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతికి "బాండికోటా" అనే పేరే స్థిరపరిచారు. అదే మాట సముద్రం దాటి ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉండే మరో జంతువుకూ అంటుకున్నది.

ఇసుక నేలలకు, ఎండిన బీళ్ళకు వస్తే జెర్బిల్ కనిపిస్తుంది. పొడవైన వెనుక కాళ్ళు, తోక చివర నల్లని కుచ్చు, పెద్ద కళ్ళు దీని గుర్తులు. పగలంతా బొరియలో ఉండి రాత్రి మేతకు వస్తుంది. ఈ పేరు మాకు ప్రత్యేకంగా తోచడానికి కారణం ఉన్నది. "జెర్బిల్" అన్న మాటకు మూలం అరబీలోని "యర్బూఅ్". మద్రసాలో హజ్ అధ్యాయం చదివిన ప్రతి విద్యార్థికీ యర్బూఅ్ పరిచయమే. ఇహ్రామ్ స్థితిలో దానిని చంపినవాడు నాలుగు నెలల మేకపిల్లను పరిహారంగా చెల్లించాలని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు ఇచ్చారు. అరబ్బు ఎడారిలోని యర్బూఅ్, మన మెట్టలోని జెర్బిల్ ఒకే కుటుంబానికి చెందినవి కావు. అయినా రెండింటికీ పొడవైన వెనుక కాళ్ళు, పెద్ద కళ్ళు, కుచ్చుతోక ఉన్నాయి. వంశం వేరైనా బ్రతికే నేల ఒకేలా ఉంటే రూపం దగ్గరవుతుందన్నది ఇక్కడ మనం నేర్చుకునే తొలి సూత్రం.

ఎర్ర గరుసు నేలలో ఉండే చిట్టెలుక తీరు మరీ విచిత్రం. దాని వీపు మీది వెంట్రుకలు మెత్తగా ఉండవు, సన్నని ముళ్ళలా బిరుసుగా ఉంటాయి. అది చిన్న చిన్న గులకరాళ్ళను ఏరి తెచ్చి బొరియ వాకిట పేరుస్తుంది, లోపల పడకకు కూడా రాళ్ళే పరుచుకుంటుంది. ఈ సంగతిని వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1839లో ధార్వాడ ప్రాంతపు క్షీరదాల గురించి ప్రచురించిన పట్టికలో వివరించాడు. అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు చేర్చిన ఇలియట్ ఇతడే. ఇదే చిట్టెలుక ప్రజాతిలో మాగాణి పొలాలలో ఉండేది ఒక జాతి, గరుసు నేలలో ఉండేది మరొక జాతి, రాతి నేలలో ఉండేది ఇంకొక జాతి. ఈ మూడవ దానికి ఇలియట్ "రాళ్ళలో నివసించేది" అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు.

పేర్లు చెప్పినవారు ఎవరు?

ఇంత సూక్ష్మంగా చూసినది ఒక్క దొరవారేనా? కాదు. బొరియను చూసి అందులో ఏ ఎలుక ఉన్నదో చెప్పినవారు చెరువులు తవ్వే వడ్డెరలు. వారు తెలుగువారు. మన జిల్లాలో ఆ విద్య యానాదులది. 1840ల నాటికి నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ అనే వైద్యుడు 1867లో భారతదేశ క్షీరదాలపై పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో పలు ఎలుకల పేర్ల పక్కన "యానాదుల తెలుగు" అని ప్రత్యేకంగా రాశాడు. వాటిలో ఒకటి "మెత్త ఎలుక". ఆంగ్ల అక్షరాలలో ఉన్న ఆ పేరును "మెట్ట ఎలుక" అని కూడా చదువుకోవచ్చు. దాని బొచ్చు మెత్తన, నివాసం మెట్ట, కనుక రెండూ నప్పుతాయి. వడ్డెరలు దానినే "మెట్టాడ" అన్నారు. ఆ మాటే కొంత రూపు మారి నేటికీ దాని శాస్త్రీయ నామంలో "మెల్టాడా"గా నిలిచి ఉన్నది.

ఈ మెత్త ఎలుక గురించి ఇలియట్ రాసిన ఒక సంగతి మన విషయానికి ఎంతో అవసరం. అది స్వయంగా లోతైన బొరియ తవ్వదు. వేసవిలో నల్లరేగడి నేల నెర్రెలిచ్చినప్పుడు ఆ పగుళ్ళలో తలదాచుకుంటుంది. తొలకరి జోరుగా కురిస్తే నెర్రెలు మూసుకుపోయి ఏటా వేలకొద్దీ ఎలుకలు అందులోనే సమాధి అవుతాయి. 1826లో తొలకరి వానలు సరిగా పడలేదు. నెర్రెలు మూసుకోలేదు, ఎలుకలు చావలేదు. అవి అంతకంతకూ పెరిగి విత్తిన గింజను విత్తినట్టే తినివేశాయి, పంట ఈనిన తరువాత కంకులను కొరికాయి. వాన, మట్టి, ఎలుక, రైతు గాదె అన్నీ ఒకే గొలుసులోని కొండ్లు. ఆ గొలుసును పరిశీలించే చదువునే పర్యావరణశాస్త్రం అంటారు. ఆ అమ్మాయి ప్రాజెక్టులో సగభాగం ఇదే.

ఒకటి రెండుగా ఎలా మారుతుంది?

మిగిలిన సగం "పరిణామం" అనే మాటకు సంబంధించినది. ఆ మాటకు భయపడేవారు సాధారణంగా దాని వెనుక ఉన్న పరిశీలనను చూసి ఉండరు. అందులో మెట్లు మూడు. ఒకటి, ఒకే తల్లి పిల్లలైనా అన్నీ ఒకేలా ఉండవు. ఒకటి నల్లగా, ఒకటి లేతగా ఉంటుంది. రెండు, ఆ తేడాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమిస్తాయి. మూడు, ఒకానొక నేలలో కొన్ని తేడాలు ప్రాణం నిలుపుతాయి, కొన్ని ప్రాణం తీస్తాయి. ప్రాణం నిలిపిన తేడా తరువాతి తరాలలో ఎక్కువమందిలో కనిపిస్తుంది. గొర్రెల కాపరి మంచి పొట్టేలును ఎంచి మందను మార్చినట్టు, ఇక్కడ నేల, వాన, గుడ్లగూబ కలిసి మందను మారుస్తాయి. దీనికే ప్రకృతి వరణం అని పేరు.

అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో పాకెట్ మౌస్ అనే చిట్టెలుక ఉన్నది. లేత రంగు రాళ్ళ మీద అది ఇసుక రంగులో ఉంటుంది. అదే ప్రాంతంలో ఒకప్పుడు అగ్నిపర్వతం చిమ్మిన లావా గడ్డకట్టి నల్లని బండలుగా పరుచుకున్నది. ఆ బండల మీద అదే జాతి ఎలుక ముదురు రంగులో ఉంటుంది. రాత్రి గుడ్లగూబ కంటికి నల్లరాతి మీది తెల్ల ఎలుక తేలికగా చిక్కుతుంది. 2003లో మైకేల్ నాక్‌మన్ బృందం ఈ రంగు తేడాకు కారణమైన జన్యువును గుర్తించింది. మరో రాష్ట్రమైన న్యూ మెక్సికోలోని నల్లబండల మీద కూడా నల్ల ఎలుకలున్నాయి. కాని వాటి నలుపుకు కారణం ఆ జన్యువు కాదు, వేరొకటి. గమ్యం ఒకటే, దారులు రెండు.

ఇది చదివినప్పుడు మాకు బస్రా పండితుడు అల్ జాహిజ్ గుర్తుకు వచ్చాడు. హిజ్రీ 255లో మరణించిన ఈ రచయిత జంతువులపై "కితాబుల్ హయవాన్" అనే బృహద్గ్రంథం రాశాడు. మరొక రచనలో అతడు అరేబియాలోని బనూ సులైమ్ వారి నల్లరాతి నేలను ప్రస్తావిస్తూ అక్కడి జింకలు, నక్కలు, పక్షులు, పురుగులు సైతం నల్లగానే ఉంటాయని, అది ఆ నేలకు దైవం ఇచ్చిన స్వభావ ప్రభావమని వివరించాడు. అతడు ముఅతజిలీ. విశ్వాస సిద్ధాంతాలలో మేము అతనితో ఏకీభవించము. అతనికి జన్యువులు తెలియవు, వరణం సంగతి ఆధునికుల అర్థంలో అతడు చెప్పనూ లేదు. కాని నేలకూ జీవి రంగుకూ సంబంధం ఉన్నదని చూసే కన్ను మన నాగరికతలో పదకొండు వందల ఏళ్ళకు ముందే ఉన్నది. ఆ కన్నును మూసుకున్నది మనమే.

ఇక ఎడబాటు సంగతి. తూర్పు కనుమలు పడమటి కనుమల వలె అవిచ్ఛిన్నమైన గోడ కావు. గోదావరి, కృష్ణ, పెన్న వాటిని కోసుకుంటూ సముద్రానికి చేరాయి. వెలికొండలను పెన్న సోమశిల వద్ద చీల్చుకుని వస్తుంది. కొండ మీది చల్లని, దట్టమైన పొదలకు అలవాటు పడిన చిన్న జంతువుకు కింది ఎండమైదానం సముద్రంతో సమానం. అందుకే ఒక్కొక్క కొండ ఒక్కొక్క ద్వీపం అవుతుంది. ద్వీపంలో చిక్కినవి బయటివాటితో కలియవు. వేలు, లక్షల ఏళ్ళలో రెండు మందల మధ్య తేడాలు పేరుకుంటాయి.

దేవాంగపిల్లి ఇందుకు మంచి ఉదాహరణ. రాత్రిపూట కొమ్మ మీద మెల్లమెల్లగా నడిచే ఈ పెద్దకళ్ళ జంతువు మన జిల్లా వైపు శ్రీహరికోట అడవిలోనూ ఉన్నది. తూర్పువైపు పొడి అడవులలో ఉండేది బూడిద రంగులో, కొంచెం పెద్దదిగా ఉంటుంది. పడమటి కనుమల వాన అడవులలో ఉండేది ఎర్రగోధుమ రంగులో, చిన్నదిగా ఉంటుంది. మధ్యనున్న కొండల వరుస వానను రెండుగా పంచింది, వాన అడవిని పంచింది, అడవి ఈ జంతువును పంచింది. దీనిని చేతబడి పేరుతో, నాటు మందుల పేరుతో పట్టి హింసించేవారు నేటికీ ఉన్నారు. సిహ్ర్ మహాపాపమని వేరే చెప్పనవసరం లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి అత్యున్నత రక్షణ కల్పించింది.

కడప, నెల్లూరు నడుమ దొరికిన జీవి

మన జిల్లా పేరును ప్రపంచ జంతుశాస్త్రంలో నిలిపిన చిన్న క్షీరదం ఒకటి ఉన్నది. దాని పేరు మద్రాస్ ట్రీష్రూ. 1850లో లండన్‌లో వాటర్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు దానిని తొలిసారి వర్ణించి, పైన చెప్పిన ఇలియట్ పేరు పెట్టాడు. ఆ నమూనా దొరికిన చోటు "కడప, నెల్లూరు నడుమ కొండలు" అని నమోదైంది. అంటే మన వెలికొండల సీమే. దాని ప్రజాతికి "అనాథానా" అని పేరు పెట్టినది 1913లో లయన్ అనే అమెరికన్. తమిళులు దానిని "మూంగిల్ అణత్తాన్", అంటే వెదురు ఉడుత అని పిలిచేవారు. ఆ తమిళ మాటే ప్రజాతి పేరుకు మూలం.

చూడగానే ఎవరైనా ఉడుత అనే అంటారు. తల నుంచి తోక మొదలు దాకా జానెడు ఉంటుంది, తోక ఇంచుమించు అంతే పొడవు. కాని ఉడుతకు ముందు వైపు ఉలి వంటి పళ్ళుంటాయి, దీనికి ఉండవు. ఉడుత వీపు మీద చారలుంటాయి, దీనికి భుజం మీద ఒక లేత గీత మాత్రం ఉంటుంది. ఆహారం పురుగులు, వానపాములు, పండ్లు. పేరులో చెట్టు ఉన్నా ఎక్కువ కాలం నేల మీద, రాళ్ళ సందులలో తిరుగుతుంది. 1970లలో తమిళనాడులోని షెవరాయ్ కొండలలో దీనిని గమనించిన పరిశోధకులు ఒక ముచ్చట నమోదు చేశారు. ఇది చిన్న చెట్టు ఎక్కి, కాండానికి ఒళ్ళు రుద్దుకుంటూ కిందికి జారుతుందట. అది దాని ఒళ్ళు శుభ్రం చేసుకునే పద్ధతి.

దీనిని ఏ వర్గంలో చేర్చాలన్న విషయంలో పండితులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. మొదట పురుగులు తినే చుంచుల సరసన పెట్టారు. తరువాత కోతుల వర్గానికి దగ్గర చేశారు. చివరకు ఉడుతా కాదు, చుంచూ కాదు, కోతీ కాదని తేల్చి ట్రీష్రూలకు ప్రత్యేక వర్గం ఏర్పరిచారు. పోలికను చూసి బంధుత్వం నిర్ణయించరాదని, ఎముకను, దంతాన్ని, జన్యువును కూడా అడగాలని ఈ చరిత్ర చెబుతున్నది. తమ మాటను తామే సరిదిద్దుకునే అలవాటు ఆ శాస్త్రానికి ఉన్నదని కూడా చెబుతున్నది.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం. దీని బంధువులన్నీ ఎక్కడ ఉన్నాయి? ఈశాన్య భారతంలో, బర్మాలో, మలయా, సుమత్రా, బోర్నియో దీవులలో, మన నికోబార్ దీవులలో. గంగకు దక్షిణాన ద్వీపకల్పం మొత్తంలో ఉన్న ట్రీష్రూ ఇదొక్కటే. దాని ప్రజాతిలో కూడా ఇదొక్కటే జాతి. ఇంటిల్లిపాదీ తూర్పున ఉండగా ఈ ఒక్కటి దక్కనులో ఎలా మిగిలింది? ఇటువంటి ఎడబాటు చేపలలోనూ, మొక్కలలోనూ కనిపిస్తుంది. 1949లో సుందర్‌లాల్ హోరా అనే మన దేశ శాస్త్రజ్ఞుడు కొండవాగుల చేపలను పరిశీలించి, ఒకప్పటి తడి వాతావరణంలో వింధ్య, సాత్పురా కొండల మీదుగా తూర్పు జీవులు దక్షిణానికి వచ్చి ఉండవచ్చునని ప్రతిపాదించాడు. దానిపై చర్చలు నేటికీ సాగుతున్నాయి. అడవులు విస్తరించిన కాలాలూ, కుంచించుకుపోయిన కాలాలూ ఉన్నాయని, కుంచించుకుపోయినప్పుడు జీవులు కొండల చెంత మిగిలిపోతాయని మాత్రం అందరూ అంగీకరిస్తారు.

మిగిలినది పోతే మళ్ళీ రాదు. అదే వెలికొండల సీమలో 1848లో జెర్డన్ గుర్తించిన కలివికోడి తరువాత చాలాకాలం ఎవరికీ కనిపించక, అంతరించిందనే నిర్ధారణకు వచ్చారు. 1986లో కడప జిల్లాలో స్థానిక వేటగాళ్ళ సాయంతో అది మళ్ళీ కనుగొనబడింది. ఆ పక్షికి కావలసినది గొప్ప అడవి కాదు, మనం "పనికిరాని చిట్టడవి" అనుకునే ముళ్ళపొదల నేల. ఎలుకలకూ, ట్రీష్రూకూ అదే నేల. మనం బీడు అని పేరు పెట్టి చదును చేసినది మరొక జీవి సమాజానికి ఉన్న ఏకైక నివాసం కావచ్చు.

విశ్వాసి ఎక్కడ నిలబడాలి?

దివ్యఖుర్ఆన్‌లోని సూరా ఫాతిర్‌లో ఒక చోట (27, 28 ఆయతులు) అల్లాహ్ ముందు ఆకాశం నుంచి కురిసిన వానను, దానితో పండిన రంగురంగుల ఫలాలను ప్రస్తావించాడు. వెంటనే కొండలలోని తెలుపు, ఎరుపు, కారునలుపు చారలను చూపాడు. ఆ వెంటనే మనుషుల, జంతువుల, పశువుల రంగుల భేదాన్ని గుర్తు చేశాడు. ఆ వరుస ముగిసిన చోటే, దాసులలో జ్ఞానం గలవారే తనకు నిజంగా భయపడతారన్న విషయం తెలిపాడు. "ఉలమా" అనే ఆ మాటను మనం మద్రసా గోడల మధ్య వాడుకుంటాము. ఆ మాట వచ్చిన సందర్భంలో ఉన్నవి మాత్రం వాన, కొండ, జంతువు. ధర్మజ్ఞానపు స్థానాన్ని మేము తగ్గించడం లేదు. కాని కొండ రంగుకూ జంతువు రంగుకూ మధ్య ఏమున్నదని వెతికే విద్యార్థిని ఆ ఆయతు వెలుపల ఉన్నదని అనగల ధైర్యం మాకు లేదు. సూరా అన్‌కబూత్‌లో భూమిపై సంచరించి సృష్టి ఎలా మొదలైనదో చూడమన్న ఆదేశమూ ఉన్నది. చూడమన్న తరువాత చూడరాదని మనం ఎలా చెప్పగలము?

అయితే హద్దులు కూడా చెప్పాలి. ఈ చదువులో మూడు రకాల మాటలు వస్తాయి. మొదటిది, కంటితో చూసి కొలిచినది: గరుసు నేల ఎలుక వెంట్రుక బిరుసు, నల్లబండ ఎలుక నల్లన. దీనిని కాదనడం కంటిని అబద్ధమనడమే. రెండవది, కొలిచిన వాటి నుంచి చేసిన అనుమానం: ఈ రెండు జాతులకు పూర్వం ఒకే మూలం ఉన్నది. దీనికి ఎముకలు, జన్యువులు సాక్ష్యం. సాక్ష్యాన్ని సాక్ష్యంగా తూచాలి, కోపంతో తూచరాదు. జంతువుల విషయంలో ఇలాంటి మాటను కాదనమని మన విశ్వాసం మనల్ని కోరడం లేదు. కారణాలను కల్పించినవాడూ అల్లాహ్‌యే, వాటి ద్వారా ఫలితాలను తెచ్చేవాడూ ఆయనే. వాన వల్ల పంట పండిందంటే షిర్క్ కానట్టే, నేల వల్ల ఎలుక మారిందంటే కూడా కాదు. మూడవది, కొలతకు అందని మాట: "కనుక సృష్టికర్త లేడు, జీవితానికి ప్రయోజనం లేదు" అనడం. ఇది జంతుశాస్త్రం కాదు, జంతుశాస్త్రం వేషం వేసుకున్న తత్త్వం. దీనిని విద్యార్థిని నిస్సంకోచంగా తిరస్కరించవచ్చు.

ఆదం (అలైహిస్సలాం) సృష్టి గురించి దైవవాణి చెప్పినదే మా విశ్వాసం. దానిని ఏ ప్రయోగశాల అనుమతి కోసమూ మేము ఆపి ఉంచము. మానవ ఆరంభం గురించి పాఠ్యపుస్తకం చెప్పేది ఆ అమ్మాయి చదవవచ్చు, పరీక్షలో శాస్త్రజ్ఞుల వాదన ఇది అని రాయవచ్చు. ఒక వాదనను తెలుసుకోవడం, దానిని విశ్వసించడం ఒకటి కావు. గ్రీకు తత్త్వాన్ని ఖండించిన ఇమామ్ గజాలీ (రహ్మ) ముందుగా ఆ తత్త్వాన్ని దాని పండితులకు దీటుగా చదివి, దాని ఉద్దేశాలను వివరిస్తూ వేరే గ్రంథమే రాశారు. చదవకుండా ఖండించలేదు.

ఇక ఎలుక హానికర జంతువు కాదా, దానిపై ఈ శ్రద్ధ ఎందుకని కొందరు అడగవచ్చు. చంపడానికి అనుమతి ఉన్న హానికర జీవులలో ఎలుకను మహాప్రవక్త (సఅసం) పేర్కొన్న మాట నిజమే. గాదెను, పిల్లల ఆరోగ్యాన్ని కాపాడుకోవడం మన బాధ్యత. కాని అగ్నితో శిక్షించడాన్ని ఆయనే నిషేధించారు. నేలలోని బొరియలలో మూత్ర విసర్జన చేయరాదని కూడా వారించినట్టు అబూ దావూద్ హదీసు సంపుటిలో ఉన్నది. హాని చేసిన దానిని తొలగించడం వేరు, కనిపించిన ప్రతి బొరియనూ శత్రువు ఇల్లనుకోవడం వేరు. పైగా ఏ బొరియ కొక్కుది, ఏది పొలానికి హాని చేయని జీవిదో తెలిసినవాడే హానిని సరిగా తొలగించగలడు. రైతులు యానాదులను పిలిచి గట్లు తవ్వించేది ఆ తెలివి కోసమే.

ఆ తండ్రికి, ఆ కుమార్తెకు

సోదరా, మీ అమ్మాయి చదువు మాన్పించకండి. బీకాం మంచి చదువే, కాని భయంతో మార్చిన చదువులో బరకత్ ఉండదు. ఈ వయసులో ఆమె ప్రశ్నకు "నోరు మూసుకో" అన్నది మీరే అయితే, జవాబు ఆమె మరెక్కడో వెతుక్కుంటుంది. అక్కడ మూడవ రకం మాట చెప్పేవారే ఆమెకు మొదట ఎదురవుతారు.

అమ్మా, చిన్న క్షీరదాల పరిశోధన తెల్లవారకముందే మొదలవుతుంది. రేకుతో చేసిన చిన్న పెట్టె బోనులలో వేరుశనగ వంటి ఎర పెట్టి సాయంత్రం ఉంచి, ఫజర్ తరువాత ఎండ ఎక్కకముందే వెళ్ళి చూడాలి. చిక్కిన జీవిని తూచి, తోక, చెవి, వెనుక పాదం కొలిచి, నేల స్వభావం రాసుకుని, పట్టిన చోటనే వదలాలి. ఆలస్యమైతే బోనులో అది ఎండకు చచ్చిపోతుంది, ఆ ప్రాణానికి మనం జవాబుదారులం. అడవి భూమి అయితే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. తోటి విద్యార్థినులతో, అధ్యాపకురాలితో కలిసి వెళ్ళు, వీలైన రోజు నాన్నగారిని వెంట రమ్మను. హిజాబ్ ఈ పనికి అడ్డం కాదు. కనిపించినది కనిపించినట్టే రాయి. ఇష్టమైన ఫలితం కోసం ఒక అంకెను మార్చడం అబద్ధపు సాక్ష్యం వంటిదే. యానాది పెద్దలు ఏదైనా చెబితే వారి మాటను వారి పేరుతోనే నమోదు చెయ్యి, అది అమానత్. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగం నుంచి చేల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు దక్షిణాసియా క్షీరదాలపై 2012లో సమగ్ర గ్రంథం వెలువరించారు. మన ప్రాంతంలోనే ఈ విద్యకు గురువులున్నారని తెలుసుకో.

ఇంటిల్లిపాదీ చేయదగినవి

ఈ విద్యకు కళాశాలే కానక్కరలేదు. ప్రయాణాలలో పిల్లలచేత ఉడుత వీపు మీది చారలు లెక్కపెట్టించండి. మన దక్షిణాదిలో సాధారణంగా కనిపించేది మూడు చారల ఉడుత, ఉత్తరాదిలో ఐదు చారలది. ఇంట్లో "చుంచెలుక" అని తరిమేది ఎలుక కానే కాదని చెప్పండి. అది గింజలను కాదు, బొద్దింకలను వెతుక్కుంటూ వస్తుంది.

పాత కట్టడాలలో తెల్ల గుడ్లగూబ ఉంటే రాళ్ళు వేయనీయకండి. గుడ్లగూబలో అపశకునం లేదని ప్రవక్త (సఅసం) పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే మన మెదళ్ళను శుభ్రపరిచారు. అది మింగిన ఎలుకల ఎముకలు, బొచ్చు ఉండలుగా చుట్టి నోటి నుంచి పడవేస్తుంది. చేతికి తొడుగు వేసుకుని ఆ ఉండలను ఏరి, నీటిలో నానబెట్టి విడదీస్తే చిన్న పుర్రెలు బయటపడతాయి. ముందు రెండు ఉలి పళ్ళు, వాటి వెనుక ఖాళీ ఉంటే ఎలుక. వరుసగా సూది పళ్ళుంటే చుంచు. మాగాణి పక్క గుడ్లగూబ ఉండలలో ఏమున్నవి, మెట్ట పక్క ఉండలలో ఏమున్నవి అని పిల్లలు రెండు కాగితాల మీద రాసి పోల్చితే చాలు. నేల మారితే ఎలుక మారుతుందా అన్న ప్రశ్నకు వారికి వారే జవాబు తెచ్చుకుంటారు. వచ్చిన జవాబులను మాకు రాయండి, ఈ శీర్షికలో ప్రచురిస్తాము.

ఏ కొండ మీద ఏ జీవిని ఏ రంగులో నిలిపావో ఎరిగిన మా ప్రభూ, నీ సంకేతాలను చూసే కన్నును, చూసిన దానిని నిజాయితీగా చెప్పే నాలుకను మా పిల్లలకు ప్రసాదించు. తెలియని దానికి భయపడే బలహీనత నుంచి, తెలిసిన దానితో గర్వపడే బలహీనత నుంచి మమ్మల్ని కాపాడు. ఆమీన్.